బాడుగకు పెద్ద బండి మాట్లాడుకునేవాళ్లు జాగ్రత్త: కిలోమీటరు రేటు చూసి అడ్వాన్స్ ఇవ్వొద్దు

ఇన్నోవా లాంటి పెద్ద బండి కావాల్సి వస్తే మనవాళ్లు ముందుగా అడిగేది "కిలోమీటరు ఎంత?" అని. ఎవరైనా రెండు రూపాయలు తగ్గించి చెబితే వెంటనే అడ్వాన్స్ పంపేస్తారు. తిరిగొచ్చి ఇంటి ముందు దిగాక బిల్లు దగ్గర గొడవ. అడగాల్సినవి ఇంకో మూడున్నాయి: రోజుకు మినిమం ఎన్ని కిలోమీటర్లు, రోజు ఏ గంట నుంచి లెక్క, మీటరు ఎక్కడి నుంచి చూస్తారు.

కడప నుంచి తిరుపతి సుమారు 140 కిలోమీటర్లు. కొండెక్కి దిగి తిరిగొచ్చేసరికి 330 అనుకుందాం. కిలోమీటరు 18 రూపాయలైతే 5,940 అని మన లెక్క. ట్రావెల్స్ వాళ్లది వేరు. రోజుకు 300 కిలోమీటర్లు మినిమం అంటే బండి కదలకపోయినా కట్టాల్సిందే. రెండు రోజులకు 10,800. చాలామంది రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి చూస్తారు. శుక్రవారం రాత్రి 10కి బయలుదేరి ఆదివారం తిరిగొస్తే మూడు రోజుల బాడుగ, 16,200. డ్రైవర్ బత్తా కూడా మూడు రోజులదే. 12 దాటాక బయలుదేరితే ఒక రోజు డబ్బు మిగులుతుంది. మీటరు చాలాచోట్ల వాళ్ల షెడ్డు నుంచి షెడ్డుకు. టోలు, పార్కింగ్ మనవే.

కర్నూలు నుంచి శ్రీశైలం పోయేవాళ్లకు ఇంకో చిక్కుంది. దోర్నాల దారిలో అడవి గేటు రాత్రి 9కి మూస్తే మళ్లీ పొద్దున 6కే తీస్తారు. దర్శనం ఆలస్యమైతే ఇంకో రోజు బాడుగ పడినట్టే.

ఇవన్నీ డబ్బుతో పోయేవి. అసలు భయపడాల్సింది వైట్ బోర్డు బండికి, అంటే తెల్ల నంబర్ ప్లేటున్న సొంత బండికి. తక్కువ రేటుకు దొరికేది ఎక్కువగా అదే. బాడుగకు తిప్పితే వర్తించదని సొంత బండి పాలసీలోనే రాసి ఉంటుంది. యాక్సిడెంట్ జరిగితే కంపెనీ క్లెయిమ్‌కు అడ్డం తిరుగుతుంది, ఆసుపత్రి ఖర్చుకు మీరు కోర్టుల చుట్టూ తిరగాలి. పర్మిట్ లేదని దారిలో పట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 192ఏ కింద 10,000 జరిమానా. బండిని ఆపేస్తే పిల్లాజెల్లా, సామాన్లతో రోడ్డు మీద నిలబడేది మీరు. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే టాక్సీ, నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే సెల్ఫ్ డ్రైవ్. నంబర్ ముందే తెప్పించుకుని ఎంపరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ తేదీలు చూడండి. అనంతపురం నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్లు ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా అని తప్పకుండా అడగండి.

టైర్లు కూడా చూడాలి. పక్కన నాలుగంకెలు ఉంటాయి: 2219 అంటే 2019లో 22వ వారం తయారీ. అంత పాత టైర్లతో, ఏడుగురు కూర్చుని, మే ఎండలో హైవే ఎక్కడం ప్రాణాలతో చెలగాటం. స్టెప్నీ కూడా అంతే ముఖ్యం.

సెల్ఫ్ డ్రైవ్ అయితే తాళం తీసుకునే ముందే బండి చుట్టూ, కింద బంపర్ అంచులు, డీజిల్ ముల్లు, మీటరు వీడియో తీసి ఓనర్‌కు అప్పుడే వాట్సాప్ చేయండి. పాత గీతలకు డిపాజిట్ కోసేది ఈ వీడియో లేనివాళ్లకే. ఒరిజినల్ ఆధార్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో రాయించుకోండి, "సరే" అని జవాబు వచ్చాకే అడ్వాన్స్. బిల్లులో మాట తప్పితే ఆ మెసేజ్ చేతిలో పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.