‘వెజ్జే మేడమ్’ అన్న మాట నమ్మి అమ్మ చేత చికెన్ సూప్ తాగించాం

పోయిన శనివారం అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజు. ప్రతి ఏడూ ఇంట్లోనే పులిహోర, పాయసం చేసుకుని గుడికి వెళ్లి వస్తాం. ఈసారి నాన్నకి ఒక కోరిక పుట్టింది. తమ్ముడు ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో చదువుకున్న రెండేళ్లూ వీడియో కాల్‌లో అక్కడి భోజనం గురించి చెబుతుంటే వినడమే తప్ప ఆయన ఎప్పుడూ రుచి చూడలేదు. అందుకే హైదరాబాద్‌లో బాగా పేరున్న ఒక ఖరీదైన ఫ్రెంచ్ రెస్టారెంట్‌లో వారం ముందే టేబుల్ బుక్ చేశాను. పేరు రాయడం లేదు. ఇలాంటి చోటు ఏదైనా సరే, వెళ్లేముందు అడగాల్సినవి మీకు తెలియాలని రాస్తున్నాను.

ముందు అమ్మ సంగతి చెప్పాలి. పద్దెనిమిదేళ్ల క్రితం అమ్మమ్మ అస్థికలు కలపడానికి కాశీ వెళ్లినప్పుడు అమ్మ అక్కడ మాంసం, గుడ్డు వదిలేసింది. ఆ తర్వాత ఒక్కరోజు కూడా ముట్టలేదు. ఈ విషయం బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో చెప్పాను. టేబుల్ దగ్గర కూర్చున్నాక మళ్లీ చెప్పాను. మెనూలో ఏది వెజ్, ఏది నాన్‌వెజ్ అని గుర్తులు లేవు. స్టీవార్డ్‌ని అడిగితే, ‘ఆనియన్ సూప్ తీసుకోండి మేడమ్, వెజ్జే’ అన్నాడు. ఉల్లిపాయల సూప్‌లో ఇంకేముంటుంది అని మేమూ అనుకున్నాం.

సూప్ బాగుంది. పైన బ్రెడ్డు, దాని మీద కరిగిన చీజ్, కింద బాగా వేగిన ఉల్లిపాయల తీపి. అమ్మ సగం తాగింది. నేను రెండు చెంచాలు తాగగానే ఎందుకో అనుమానం వచ్చింది. ఉత్త ఉల్లిపాయలకి అంత చిక్కటి రుచి రాదు. ఇంకొక వెయిటర్ అటు వస్తే పిలిచి, ఇది దేనితో చేస్తారని అడిగాను. ‘చికెన్ స్టాక్ మేడమ్’ అని మామూలుగా చెప్పి వెళ్లిపోయాడు. అంటే కోడి ఎముకలు మరిగించిన రసం.

అమ్మ చెంచా కింద పెట్టేసింది. ఎవరినీ ఏమీ అనలేదు. లేచి వాష్‌రూమ్‌కి వెళ్లి నోరు కడుక్కుని వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఇంటికి వచ్చేదాకా ఏమీ తినలేదు. తన కోసం తెప్పించిన కూర అలాగే ఉండిపోయింది. మనవరాలు ‘అమ్మమ్మా, ఎందుకు తినట్లేదు’ అని అడుగుతుంటే నాకు గొంతు పట్టేసింది. డబ్బు పోతే పోయింది, మళ్లీ సంపాదించుకుంటాం. పద్దెనిమిదేళ్ల నియమాన్ని అమ్మకి ఎవరు తిరిగి ఇస్తారు?

ఇంటికి వచ్చాక తమ్ముడికి ఫోన్ చేస్తే, ‘అక్కా, ఆ సూప్‌ని అసలు పద్ధతిలో గొడ్డు ఎముకలు మరిగించిన రసంతో చేస్తారు, ఇక్కడ చికెన్ వాడి ఉంటారు’ అన్నాడు. వాడు చెప్పినవి శాకాహారులందరికీ పనికొస్తాయి. ఫ్రెంచ్ వంటలో కూరగాయల పేరుతో ఉన్న వంటకానికి కూడా అడుగున మాంసం రసం ఉండొచ్చు. ముదురు రంగు సాస్‌లు చాలావరకు ఎముకల రసంతోనే మొదలవుతాయి. నీస్ సలాడ్ అంటే ఆకుకూరలు, టమాటాలే అనుకుంటాం, అందులో సాధారణంగా ఆంకోవీ అనే చిన్న చేపలు ఉంటాయి. కీష్ లొరేన్ అనే గుడ్ల పై లాంటి వంటకంలో పంది మాంసం ముక్కలు ఉంటాయి. గ్రూయేర్ లాంటి పాతకాలపు చీజ్‌ల తయారీలో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. మూస్ అనే నురగలాంటి మెత్తటి స్వీట్లు కొన్నింటిలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. క్రెమ్ బ్రూలే అనే కస్టర్డ్‌కి గుడ్డు పచ్చసొన, మాకరాన్ అనే బాదంపొడి స్వీటుకి గుడ్డు తెల్లసొన లేకుండా కుదరదు. వైన్ పోసి వండే కూరలు కూడా చాలా ఉన్నాయి, మందు ముట్టనివాళ్లు అది కూడా అడగాలి. రాటటూయ్ మాత్రం మనం నమ్మకంగా తినగలిగిన వంటకం. వంకాయ, టమాటా, జుకినీ, క్యాప్సికం ఆలివ్ నూనెలో మగ్గబెట్టింది. అయినా మాంసానికి వాడిన గరిటె, గిన్నె దీనికీ వాడుతున్నారేమో అడగండి.

అందుకే ‘వెజ్జా?’ అని ఒక్క మాట అడిగి ఊరుకోవద్దు. స్టాక్ దేనిది, గుడ్డు ఉందా, జెలటిన్ ఉందా అని విడివిడిగా అడగండి. స్టీవార్డ్ తడబడితే షెఫ్‌ని కనుక్కుని రమ్మనండి. మొహమాటపడొద్దు. నేను మొహమాటపడ్డాను, దాని ఫలితం అమ్మ పడింది.

ఆ రాత్రి సూప్ సంగతి తెలిశాక అక్కడే మేనేజర్‌ని పిలిచాం. క్షమించండి అన్న మాట ఆయన నోట రాలేదు. ‘కమ్యూనికేషన్ గ్యాప్ మేడమ్, కాంప్లిమెంటరీగా డెజర్ట్ పంపిస్తాను’ అన్నాడు. వచ్చింది మాకరాన్‌ల ప్లేటు. గుడ్డు తినని మనిషికి, ఆ మాట రెండుసార్లు చెప్పిన తర్వాత, గుడ్డుతో చేసిన స్వీటు తెచ్చి ముందు పెట్టారు. అప్పుడు మా ఆయనకి నిజంగా కోపం వచ్చింది.

ఇక బిల్లు. నాన్నది భీమవరం వైపు కాబట్టి చేప లేకుండా ఆయనకి భోజనం పూర్తికాదు. మెనూలో ‘ఈరోజు చేప’ అని రాసి, ధర దగ్గర ‘మార్కెట్ ధర’ అని ఉంది. స్టీవార్డ్ సీబాస్ అన్నాడు, చాలా ఫ్రెష్ అన్నాడు. ప్లేటు వచ్చాక నాన్న చూసి ‘ఇది మన పండుగప్ప’ అన్నారు. రుచి బాగుందనే చెప్పారు. కానీ రెండు ముక్కలకి 3,400 రూపాయలు. ధర ముందే చెప్పి ఉంటే ఆయన ఇంకోటి తీసుకునేవారు. అడగకుండానే తెచ్చిపెట్టిన బ్రెడ్ బుట్టకి 420. ‘స్టిల్లా, స్పార్క్లింగా’ (గ్యాస్ లేనివా, ఉన్నవా) అని అడిగి తెచ్చిన నీళ్ల సీసాలు మూడు, ఒక్కోటి 480. మామూలు నీళ్లు ఇస్తామని ఎవరూ అనలేదు. బాటిల్ నీళ్లకి హోటళ్లు, రెస్టారెంట్లు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి తాగాక పోట్లాడి లాభం లేదు. కూర్చోగానే మామూలు నీళ్లు అడగండి.

మొత్తం 11,360. దాని మీద పది శాతం సర్వీస్ చార్జి 1,136 కలిపి, ఆ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ వేసి 13,121 రూపాయల బిల్లు చేతిలో పెట్టారు. సర్వీస్ చార్జి తీసేయమంటే మేనేజర్ ‘ఇది ఫ్రెంచ్ సంప్రదాయం’ అన్నాడు. ఈ మాట మీకూ చెబితే నమ్మకండి. ఫ్రాన్స్‌లో మెనూ మీద రాసిన ధరలోనే పన్ను, సర్వీసు కలిసి ఉంటాయి. బిల్లు చివర విడిగా వేయరు. భోజనంతో పాటు జగ్గు నీళ్లు అడిగితే అక్కడ ఉచితంగా ఇస్తారు.

మన దేశంలో కూడా నియమం స్పష్టంగానే ఉంది. సర్వీస్ చార్జిని బిల్లులో దానంతట అదే కలపకూడదని, కట్టాలా వద్దా అన్నది కస్టమర్ ఇష్టమని, వేరే పేరుతో కూడా వసూలు చేయకూడదని, బిల్లులో కలిపి దాని మీద జీఎస్టీ వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ సంఘాలు కోర్టుకి వెళ్తే, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. మా ఆయన ఈ రెండు తేదీలూ ఫోన్‌లో తీసి చూపించి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఇక్కడి నుంచే ఫోన్ చేస్తానన్నాక బిల్లు మారింది. సర్వీస్ చార్జి తీసేశారు, అమ్మ సూప్ 690 కూడా తీసేశారు. చివరికి 11,204 కట్టి బయటపడ్డాం. దీనికి నలభై నిమిషాలు పట్టింది. పాప కుర్చీలోనే నిద్రపోయింది.

అక్కడికి వెళ్లినవాళ్లందరికీ ఇలాగే జరిగిందని నేను అనను. మా ఆయన కొలీగ్ దంపతులు ఒక మంగళవారం వెళ్లారు. ప్రతి వంటకం దేనితో చేశారో వివరంగా చెప్పారట, వాళ్లు చాలా సంతోషంగా వచ్చారు. పిన్ని కూతురికి వంట నచ్చింది కానీ, కిటికీ పక్కన టేబుల్ బుక్ చేస్తే కిచెన్ తలుపు పక్కన కూర్చోబెట్టారట. మాక్కూడా క్రెమ్ బ్రూలే, వైన్‌లో వండిన కోడి నిజంగా బాగున్నాయి. వంటవాళ్ల చేతిలో పనితనం ఉంది. శనివారం రాత్రి రద్దీలో, మెనూ తెలియని కొత్త కుర్రాళ్లని టేబుళ్ల దగ్గర పెట్టడమే అసలు తప్పని నాకు అనిపిస్తోంది. వాళ్లకి ఏ వంటకంలో ఏముందో నేర్పించాల్సింది యాజమాన్యం. కాబట్టి ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. వెళ్లాలనుకుంటే వారం మధ్యలో వెళ్లండి, ఇంట్లో నియమాలున్న పెద్దవాళ్లని మాత్రం ముందు అన్నీ కనుక్కోకుండా తీసుకెళ్లకండి.

సోమవారం 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. మొదటి బిల్లు, మార్చిన బిల్లు రెండూ ఫొటో తీసి పెట్టుకున్నాను. మీరు కూడా గొడవ మొదలవకముందే మొదటి బిల్లు ఫొటో తీసుకోండి, మార్చాక అది తిరిగి ఇవ్వరు. అమ్మ ఆదివారం ఉపవాసం ఉండి, తలస్నానం చేసి గుడికి వెళ్లి వచ్చింది. ‘తెలియక జరిగిందిలే’ అని నాకే ధైర్యం చెబుతోంది.