విండ్‌సర్ఫింగ్ భద్రతా సెట్టు కొనేవారికి హెచ్చరిక: తేల్చని జాకెట్టు, తెగిపోయిన జాయింటు

విండ్‌సర్ఫింగ్‌కు (తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలి బలంతో నీటిపై సాగే ఆటకు) కావలసిన భద్రతా సామగ్రిని ఆన్‌లైన్‌లో ఒకే సెట్టుగా కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. నేను కొన్న సెట్టులో జాకెట్టు, హెల్మెట్టు, ఈల, మాస్టును (తెరచాపను నిలిపే స్తంభాన్ని) బోర్డుకు కలిపే జాయింటు వచ్చాయి. వాటిలో హెల్మెట్టు ఒక్కటే పనికొచ్చింది. మిగిలిన మూడూ ఒకే మధ్యాహ్నం, నడి సముద్రంలో, ఒకదాని వెంట ఒకటి చేతులెత్తేశాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైన మోసం జాకెట్టు విషయంలో జరిగింది. ప్రకటనలో దానిని నీటిలో తేల్చే సేఫ్టీ వెస్టు అని వర్ణించారు. నిజానికి అది ఇంపాక్ట్ వెస్టు, అంటే వేగంగా పడ్డప్పుడు మాస్టో, బూమో (తెరచాపను చేత్తో పట్టుకునే అడ్డ కడ్డీ) తగిలి పక్కటెముకలు దెబ్బతినకుండా ఆపే పలుచని ఫోమ్ చొక్కా మాత్రమే. పైకి చూస్తే బోయన్సీ ఎయిడ్‌కూ (మనిషి నీటిలో తేలడానికి తోడ్పడే జాకెట్టుకూ) దీనికీ తేడా తెలియదు. లోపల, నడుము కుట్టు దగ్గర, గోరంత లేబుల్ మీద ఇది తేలడానికి ఉద్దేశించిన పరికరం కాదని అచ్చు వేసి ఉంది. పెట్టె విప్పిన రోజే నేను ఆ లేబుల్ చదవవలసింది.

ఆ రోజు గాలి తీరానికి అడ్డంగా, కొంచెం సముద్రం వైపు మొగ్గి వీస్తోంది. నేల మీదుగా సముద్రంలోకి వీచే గాలి ఒడ్డున మెత్తగా అనిపిస్తుంది, నీళ్ళు కూడా నున్నగా కనిపిస్తాయి, కానీ లోపలికి వెళ్ళేకొద్దీ దాని బలం పెరుగుతుంది. అలాంటి గాలిలో చిన్న వస్తువు విరిగినా మనిషి తీరానికి దూరమైపోతాడని తెలిసి కూడా, కొత్త సామగ్రి మీద నమ్మకంతో బయలుదేరాను. హార్నెస్ (తెరచాప లాగుడును ఒంటి బరువుతో ఆపడానికి ఒంటికి కట్టుకునే పట్టా) మీద బరువు వేసిన క్షణంలో కాళ్ళ దగ్గర పటుక్కుమని శబ్దం వచ్చి, తెరచాపతో పాటు నేనూ నీళ్ళలో పడ్డాను. జాయింటు మధ్యలో వంగే రబ్బరు ముక్క అడ్డంగా తెగిపోయింది. అది తెగినా మాస్టు బోర్డును విడిపోకుండా పట్టి ఉంచే అదనపు పట్టీ ఉండాలి. ఉందని ప్రకటనలో రాశారు, వచ్చిన వస్తువులో లేదు. తెరచాప నీటిలో పరుచుకుని లంగరులా నిలిచిపోయింది, ఖాళీ బోర్డు మాత్రం గాలికి కొట్టుకుపోసాగింది.

తెరచాపను వదిలేసి బోర్డు వెంట ఈదాను, ఎందుకంటే అలాంటప్పుడు మనిషిని తేల్చేదీ, దూరం నుంచి కనిపించేదీ బోర్డే. ఆ కొద్ది దూరంలోనే జాకెట్టు చెవుల దాకా ఎగదన్నుకొచ్చి ఊపిరి ఆడనివ్వలేదు. బోర్డు అందాక ఈల ఊదితే, లోపలి గుండు తడికి అతుక్కుపోయి బుసబుసమందే తప్ప మోగలేదు. చివరకు బోర్డు మీద కూర్చుని, రెండు చేతులూ పక్కలకు చాచి నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించాను. ఇది అంతర్జాతీయంగా గుర్తించిన ఆపద సంకేతం. దానిని గుర్తుపట్టిన మరో సర్ఫర్ వచ్చి నన్ను ఒడ్డుకు లాక్కొచ్చారు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

ఇంటికి వచ్చాక 5 కిలోల ఇనుప బరువును ఆ జాకెట్టుకు కట్టి నీళ్ళ తొట్టిలో వేస్తే నేరుగా అడుగుకు చేరింది. 2 కిలోల బరువుతో అంచు మాత్రం పైకి కనిపించింది. 50 న్యూటన్ల (అంటే నీటిలో సుమారు 5 కిలోల బరువును పైకి ఎత్తే బలం ఉన్న) బోయన్సీ ఎయిడ్ అయితే 5 కిలోల ఇనుమును మోయాలి. అమ్మిన సంస్థ జాయింటు డబ్బు తిరిగి ఇచ్చింది కానీ, జాకెట్టు లేబుల్ మీద అంతా స్పష్టంగానే ఉంది కాబట్టి తమ తప్పు లేదని జవాబిచ్చింది. లేబుల్‌ను ఫొటోల్లో ఎందుకు చూపలేదన్న నా ప్రశ్నకు సమాధానం రాలేదు.

కాబట్టి కొనే ముందు లేబుల్ ఫొటో అడగండి. దాని మీద ఐఎస్ఓ 12402-5 (బోయన్సీ ఎయిడ్‌ల అంతర్జాతీయ ప్రమాణం) అనీ, 50 అనీ ఉండాలి, మీ బరువుకు సరిపోయే సైజు ఉండాలి. ఫొటో పంపడానికి వెనకాడే అమ్మకందారు దగ్గర కొనవద్దు. అయితే 50 న్యూటన్ల ఎయిడ్ స్పృహ తప్పినవారిని వెల్లకిలా తిప్పదని, అది ఈత వచ్చి, సాయం దగ్గరలో ఉన్నవారికే ఉద్దేశించిందని కూడా గుర్తుంచుకోండి. నీరు తగలగానే తనంతట తానే గాలి నింపుకునే లైఫ్ జాకెట్టు ఈ ఆటకు పనికిరాదు, మొదటిసారి పడగానే ఉబ్బిపోతుంది. జాయింటు చేతికి రాగానే రబ్బరును బాగా వంచి, వంపు బయటి వైపు వెలుగులో చూడండి. సన్నని నెరియ ఒక్కటి కనిపించినా వెనక్కి పంపండి. ఎండ, ఉప్పు దానిని క్రమంగా తినేస్తాయి కనుక నేనిప్పుడు ఏటా మారుస్తున్నాను. హార్నెస్‌లో గుండు లేని ఈల, రెండు మీటర్ల సన్నని తాడు, నీరు చొరని సంచిలో ఫోను పెట్టుకుంటున్నాను.

ఆ జాకెట్టును ఎవరికైనా అమ్మవచ్చని ఒకరు సలహా ఇచ్చారు. మరొకరు దాన్ని నమ్మి నీళ్ళలోకి దిగకూడదని పట్టీలన్నీ కత్తిరించి పారేశాను.