క్లాసులో క్విజ్‌కు ఏది మేలు: కహూట్, క్విజిజ్, ఫారమ్స్, ప్లికర్స్?

"కహూట్ వాడమంటారా, క్విజిజ్ వాడమంటారా?" టీచర్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఈ నాలుగూ క్లాసులో క్విజ్ పెట్టి పిల్లల జవాబులు సేకరించే ఆన్‌లైన్ సాధనాలు. జవాబు చెప్పాలంటే ముందు ఒక సంగతి తేలాలి. పిల్లల జవాబులు చేతికొచ్చాక వాటితో ఏం చేయబోతున్నారు? మార్కులు రాసుకోవడానికా, హోంవర్క్‌గా ఇవ్వడానికా, పాఠం మధ్యలో ఆగి ఎంతమందికి ఎక్కిందో చూసుకోవడానికా? మొదటి రెండు పనులకూ ఏది సరిపోతుందో తేల్చడం తేలికే. అసలు చిక్కు మూడోదాని దగ్గరే. నా తూకం కూడా దానిమీదే.

భిన్నాల కూడిక చెప్పి, 1/2 + 1/3 ఎంత అని అడిగారనుకోండి. ఆప్షన్లు 5/6, 2/5, 1/5, 1/6. రెండోది ఎంచుకున్నవాళ్లు లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కూడేశారు. మూడోది ఎంచుకున్నవాళ్లు హారాలు మాత్రం కూడారు. చివరిది ఎంచుకున్నవాళ్లు గుణించేశారు. క్లాసులో మూడోవంతు 2/5 వైపే ఉన్నారని ఆ నిమిషంలోనే తెలిస్తే అక్కడికక్కడే ఆ ముడి విప్పొచ్చు. సాయంత్రం రిపోర్టులో తెలిస్తే మర్నాటికి పిల్లల ధ్యాస వేరే పాఠం మీద ఉంటుంది.

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. సరైన జవాబు 70 శాతం దాటితే చిన్న వివరణ ఇచ్చి ముందుకు వెళ్లాలి. 30 శాతంలోపైతే మళ్లీ చెప్పాలి. మధ్యలో ఉంటే జవాబు బయటపెట్టకుండా, పక్కవాళ్లతో రెండు మూడు నిమిషాలు వాదించుకోమని వదిలి, అదే ప్రశ్నకు మళ్లీ ఓటు వేయించాలి. ఇది కుదరాలంటే అందరూ ఒకేసారి ఒకే ప్రశ్న మీద ఉండాలి, తొందర ఉండకూడదు, ఏ ఆప్షన్‌కు ఎందరో టీచరుకు ముందే కనబడాలి.

కహూట్ దగ్గర ఈ లెక్క తప్పుతుంది. ఇందులో ప్రశ్న పెద్ద తెర మీద వస్తుంది, పిల్లలు తమ ఫోన్‌లో జవాబు రంగు నొక్కుతారు, ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు. ఒక్కో ప్రశ్నకు గరిష్ఠంగా 1000 పాయింట్లు, ఆలస్యం అయ్యేకొద్దీ తగ్గి చివరి క్షణానికి సుమారు 500. 20 సెకన్ల ప్రశ్నకు 2వ సెకనులో సరిగ్గా నొక్కితే 950, 18వ సెకనులో నొక్కితే 550. పది ప్రశ్నల ఆటలో, బోనస్‌లు పక్కన పెట్టి చూడండి: ఆలోచించి పదీ సరిగ్గా చెప్పిన పిల్లకు 5500, గబగబా నొక్కి ఆరే సరిగ్గా చెప్పిన పిల్లాడికి 5700. బోర్డు మీద పైన కనబడేది ఎవరో చెప్పక్కర్లేదు. టైమర్ 60 సెకన్లకు పెంచితే అదే 2వ సెకను, 18వ సెకనుల మధ్య తేడా 400 నుంచి 133 పాయింట్లకు పడిపోతుంది. కహూట్ వాడితీరాలనుకుంటే ముందు చేయాల్సిన మార్పు ఇది. రెండోది, ప్రశ్న పిల్లల స్క్రీన్ మీద కూడా కనబడేలా సెట్టింగ్ ఆన్ చేయడం. లేకపోతే వెనక బెంచీలవాళ్లు రంగులే చూసి నొక్కుతారు. ఇక పేర్ల గొడవ. సొంతంగా పెట్టుకోమంటే చిలిపి పేర్లు వస్తాయి, యాప్‌నే పేర్లు ఇవ్వమంటే రిపోర్టులో ఎవరెవరో తెలియదు. రోల్ నంబరు పెట్టమనడమే మార్గం. అన్నిటికన్నా పెద్ద లోటు, టైమ్ అయిపోగానే గ్రాఫ్‌తోపాటు సరైన జవాబూ తెర మీదికి వచ్చేస్తుంది. ఇక వాదించుకోవడానికి ఏం మిగిలింది? యూనిట్ అయిపోయాక పునశ్చరణకు, క్లాసులో హుషారు నింపడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

క్విజిజ్ 2025లో వేగ్రౌండ్‌గా పేరు మార్చుకుంది. పాత పేరుతో వెతికి కంగారుపడకండి. ఇందులో మామూలుగా ప్రతి పిల్లా తన వేగంతో నడుస్తుంది. ఒకరు 3వ ప్రశ్న దగ్గరుంటే ఇంకొకరు 9 దాటేస్తారు, మధ్యలో ఆపి మాట్లాడటం కష్టం. టీచరే నడిపించే మోడ్ ఉన్నా, దీని బలం హోంవర్క్‌లో ఉంది. గడువు తేదీ పెట్టండి, టైమర్ తీసేయండి, ప్రశ్నల వరుస ఒక్కొక్కరికి ఒక్కోలా మారేలా పెట్టండి, మీమ్‌లు, ఆటలో అదనపు బలాలిచ్చే పవర్‌అప్‌లు ఆపేయండి. తప్పు చేసిన ప్రశ్నకు మరో అవకాశమిచ్చే సెట్టింగ్ మాత్రం ఉంచండి, దాన్ని ఆపడమంటే మందు పారబోసి సీసా దాచుకున్నట్టే.

రికార్డు కావాలంటే గూగుల్ ఫారమ్స్. సెట్టింగ్స్‌లో క్విజ్‌గా మార్చి, మార్కులను వెంటనే కాకుండా తర్వాత విడుదల చేసేలా పెట్టండి. ఇందుకు ఈమెయిల్ సేకరణ ఆన్‌లో ఉండాలి. వెంటనే చూపిస్తే మొదట ముగించినవాడి తెర క్లాసంతా తిరుగుతుంది. టైప్ చేసే జవాబులతో జాగ్రత్త. ఫారమ్స్ అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. మీరు 'కిరణజన్య సంయోగక్రియ' అని పెడితే, ఖాళీ లేకుండా కలిపి రాసిన పిల్లకు సున్నా. సంవత్సరం, సంవత్సరము కూడా దాని కంటికి వేర్వేరే. వీలైన రూపాలన్నీ జవాబుల్లో చేర్చండి, లేదా ఆ ప్రశ్నలు మీరే దిద్దండి.

పాఠం మధ్యలో వాడటానికి నా ఓటు ప్లికర్స్‌కే. పిల్లల చేతిలో ఫోన్లు అక్కర్లేదు, తలా ఒక కార్డు చాలు. కార్డు మీద నలుపు తెలుపు నమూనా, నాలుగు అంచుల్లో చిన్న అక్షరాల్లో ఏ, బీ, సీ, డీ. తమ జవాబు పైకి వచ్చేలా తిప్పి పట్టుకుంటారు. టీచరు ఫోన్ కెమెరాతో క్లాసు మీదుగా మెల్లగా తిప్పితే పేరుపేరునా నమోదైపోతుంది. ఒక్కో నమూనా వేరు కాబట్టి పక్కవాణ్ణి చూసి అదే వైపు తిప్పడం కుదరదు. అందరూ ఎత్తేదాకా మీరు ఆగుతారు, వేగానికి బహుమతి లేదు. పెద్ద తెర మీద జవాబు చూపకుండానే, ఎవరెవరు దారి తప్పారో మీ ఫోన్‌లో కనబడుతుంది. వాదన అయ్యాక అదే ప్రశ్న మళ్లీ స్కాన్ చేయొచ్చు. నలభై ఫోన్లు ఒక వైఫై మీద వేలాడే బాధ కూడా ఉండదు.

మామూలు సెట్‌లో 40 కార్డులు, పెద్ద సెట్‌లో 63. పేజీకి రెండు చొప్పున ప్రింట్ అవుతాయి. మందపాటి కాగితం మీద తీయండి. నిగనిగలాడే లామినేషన్ వద్దు, లైటు వెలుగు మెరిసి కెమెరా చదవలేదు. మ్యాట్ అయితే ఫర్వాలేదు. స్కాన్ కాని కార్డుల్లో చాలావాటికి కారణం వేళ్లు నల్ల భాగం మీదికి రావడమే. అంచు పట్టుకోమని మొదటే నేర్పాలి. లోటు ఏమిటంటే, నాలుగు ఆప్షన్లకు మించి అడగలేం, రాసే జవాబులు అసలే లేవు. కార్డు నంబరే రోల్ నంబరయ్యేలా పేర్లు ఎక్కించుకుంటే పంచడంలో గందరగోళం ఉండదు.

ఇవి కాక, పిల్లలు టైప్ చేసిన మాటలను తెర మీద గుంపుగా చూపే మెంటిమీటర్ వర్డ్ క్లౌడ్ చూడముచ్చటగా ఉంటుంది, కానీ స్పెల్లింగ్ మారితే ఒకే మాట రెండుగా కనబడుతుంది. అందరూ నోట్స్ అంటించే ఆన్‌లైన్ బోర్డు ప్యాడ్‌లెట్ అభిప్రాయాల సేకరణకు మంచిది, క్విజ్‌కు కాదు. గూగుల్ వైట్‌బోర్డ్ యాప్ జామ్‌బోర్డ్ 2024 చివర్లో మూతపడింది, పాత లింకులు పెట్టుకుని వెతకొద్దు.

ప్లికర్స్ మొదలుపెట్టే రోజు పాఠం ప్రశ్నతో ఆరంభించకండి. "అందరూ బీ చూపండి" అని ఒకసారి స్కాన్ చేయండి. తలకిందులుగా పట్టుకున్నవాళ్లు, వేళ్లు అడ్డం పెట్టినవాళ్లు, పక్కవాళ్ల కార్డు తీసుకున్నవాళ్లు ఆ ఒక్క స్కాన్‌లోనే తేలిపోతారు.