‘కైండ్ ఆఫ్ బ్లూ’ సరిచేసిన సీడీ: ఒకే ఆల్బమ్‌కు రెండో సమీక్ష

అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్ మీద నేను ఇదివరకే ఒక సమీక్ష రాశాను. అప్పుడు విన్నది పాత ఎల్‌పీ (రెండు పక్కలా పాటలుండే పెద్ద గ్రామఫోన్ రికార్డు) ప్రతి. ఇప్పుడు 1997లో వెలువడిన సీడీ ప్రతిని కొన్ని వారాలుగా వింటున్నాను. దీని మీద మళ్ళీ రాస్తానని చెప్పినప్పుడు, ఆల్బమ్‌లు విని చర్చించుకునే మా మిత్రులలో ఒకరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఒక ఆల్బమ్‌కు ఒక మనిషి ఒక్క సమీక్షే రాయాలని, రెండోసారి రాయడమంటే మొదట అన్న మాట మీద నిలబడకపోవడమేనని ఆయన వాదన. అంతకన్నా బలమైన మాట ఇంకొకటి కూడా అన్నారు. పేరున్న కొద్దిపాటి ఆల్బమ్‌ల మీదే అందరూ మళ్ళీ మళ్ళీ రాస్తూ పోతే, ఎవరూ ఒక్క వాక్యమైనా రాయని ఆల్బమ్‌లు అలాగే మరుగున పడి ఉంటాయి. ఈ మాటను నేను తేలికగా తీసుకోలేను. అందుకే, మళ్ళీ రాయవలసిన అవసరం ఏమిటో ముందు ఈ సీడీ నుంచే చూపిస్తాను.

ఈ ఆల్బమ్‌ను 1959లో న్యూయార్క్‌లో, కొలంబియా సంస్థకు చెందిన 30వ వీధి స్టూడియోలో రెండు విడతలుగా రికార్డు చేశారు. ఎల్‌పీ మొదటి పక్కన ఉన్న మూడు రచనలు మార్చి 2న, రెండో పక్కన ఉన్న రెండు ఏప్రిల్ 22న పూర్తయ్యాయి. మార్చి 2న మాస్టర్ టేపు, అంటే ప్రతులన్నిటికీ మూలమైన టేపు, నడిచిన యంత్రం ఉండవలసిన వేగం కన్నా కాస్త నెమ్మదిగా తిరిగింది. అలా ఎక్కిన టేపును మామూలు వేగంతో నడిపితే సంగీతం తొందరగా సాగుతుంది, దానితోపాటు శ్రుతి కూడా పెరుగుతుంది. ఆ కారణంగా మూడు దశాబ్దాలకు పైగా శ్రోతలు మొదటి పక్కను, వాద్యకారులు స్టూడియోలో వాయించిన దానికన్నా కొంచెం వేగంగా, అర స్వరం లోపు హెచ్చిన శ్రుతిలో విన్నారు. అదృష్టవశాత్తూ ఆ రోజు ముందుజాగ్రత్తగా రెండో యంత్రం మీద కూడా టేపు నడిపారు, అది సరైన వేగంతోనే తిరిగింది. ఆ టేపు ఆధారంగా 1992లో సరిచేసిన ప్రతి వచ్చింది. నా దగ్గరున్న 1997 సీడీ కూడా ఆ దిద్దుబాటుతో వచ్చినదే.

తేడా ఎక్కడ వినిపిస్తుందో చెప్పాలి. ‘సో వాట్’ మొదట్లో పియానో, బేస్ కలిసి తాళం పట్టీపట్టనట్టు కొద్దిసేపు మెల్లగా నడుస్తాయి. తర్వాత పాల్ చేంబర్స్ బేస్ ఒక ప్రశ్న వేసినట్టు పలుకుతుంది, దానికి పియానో రెండే రెండు దెబ్బలతో బదులిస్తుంది. పాత ఎల్‌పీలో ఆ బేస్ తీగ కాస్త బిగించి కట్టినట్టు ఉండేది. ఇక్కడ అది కాస్త కిందికి దిగి, చెక్క పెట్టెలోని గాలితో సహా వినిపిస్తోంది. డేవిస్ ట్రంపెట్ అందుకునే క్షణంలో డ్రమ్స్ వాయించే జిమ్మీ కాబ్ తాళపు చిప్ప (సింబల్) మీద వేసే దెబ్బ ఈ ఆల్బమ్ విన్నవాళ్ళందరికీ గుర్తుండిపోతుంది. ఈ సీడీలో ఆ మోత వెంటనే అణగిపోదు. ట్రంపెట్ మొదటి పదబంధం పూర్తవుతున్నా వెనకాల సన్నగా కరుగుతూ ఉంటుంది. ‘బ్లూ ఇన్ గ్రీన్’లో మ్యూట్ (ధ్వనిని అణచే బిరడా) బిగించిన ట్రంపెట్ ఒక స్వరాన్ని పట్టుకొని ఆగినప్పుడు, ఆ నిలకడ నాకు ఇంతకు ముందెప్పుడూ ఇంత ఓపికగా తోచలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. 1997 ప్రతికి వేగం సరిచేయడం ఒక్కటే కాదు, మూడు ట్రాక్‌ల (విడివిడి ధ్వని వరుసల) టేపు నుంచి కొత్తగా మిక్స్ కూడా చేశారు, అంటే ఆ ట్రాక్‌ల పాళ్ళు మళ్ళీ కుదిర్చి కలిపారు. కాబట్టి నాకు వినిపించిన నిండుదనంలో ఎంత భాగం శ్రుతి వల్ల, ఎంత భాగం మిక్స్ వల్ల అని విడదీసి చెప్పడం నా చెవికి సాధ్యం కాలేదు. కానీ ఒక సంగతి మాత్రం నిశ్చయంగా చెప్పగలను. నా మొదటి సమీక్షలో, మొదటి పక్క రెండో పక్కంత తీరికగా లేదని, జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్ వాయింపులో కూడా ఎక్కడో తొందర ఉందని రాశాను. ఆ తొందరను నేను వాద్యకారుల ఖాతాలో వేశాను. అందులో కొంత టేపు యంత్రానిదని నాకప్పుడు తెలియదు. తెలిసిన తర్వాత కూడా మౌనంగా ఉండిపోతే, ఆ వాక్యం చదివే ప్రతి ఒక్కరికీ నేను తప్పుడు మాట చెబుతూనే ఉన్నట్టు లెక్క. మొదటి మాట మీద నిలబడమన్న మిత్రుడికి నా జవాబు ఇదే.

ఈ ఆల్బమ్ విషయంలోనే ఇలాంటిది మరొకటి ఉంది. తొలి ముద్రణలలో రెండో పక్క రచనల పేర్లు తారుమారయ్యాయి. ‘ఆల్ బ్లూస్’ ఉన్న చోట ‘ఫ్లెమెంకో స్కెచెస్’ అని, అది ఉన్న చోట ఇది అని అచ్చు వేశారు. ఆ ప్రతి విని రాసినవారు ఒకదాని పేరుతో ఇంకొకదాన్ని మెచ్చుకొని ఉండే అవకాశం పూర్తిగా ఉంది. సమీక్షకుడు ఏ ప్రతి విన్నాడో చెప్పకపోతే పాఠకుడికి ఎంత చిక్కు వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అంతమాత్రాన రెండో సమీక్షలన్నిటినీ నేను సమర్థించడం లేదు. వార్షికోత్సవం వచ్చిందని, అట్ట మారిందని, పాత పొగడ్తనే ఇంకాస్త గొంతు పెంచి రాయడం వృథా ప్రయాస. వేలం పాటలా నక్షత్రాలు పెంచుకుంటూ పోవడం అంతకన్నా వృథా. పిచ్‌ఫోర్క్ అనే సంగీత పత్రిక 2021లో తన పాత సమీక్షలలో కొన్నిటికి మార్కులు మార్చింది. డాఫ్ట్ పంక్ జంట ఆల్బమ్ ‘డిస్కవరీ’కి మొదట పదికి ఇచ్చిన 6.4ను 10 చేసింది. అభిప్రాయం మారడం తప్పు కాదు. ఇరవయ్యేళ్ళలో చెవి మారుతుంది, మారాలి కూడా. అయితే అంత పెద్ద తేడాకు కొద్ది మాటల వివరణ చాలదు, మొదట వినిపించనిది ఇప్పుడు ఏ చోట వినిపించిందో చూపించే పూర్తి సమీక్ష కావాలి. దీనికి భిన్నంగా, రష్ అనే రాక్ బృందం 2002లో విడుదల చేసిన ‘వేపర్ ట్రెయిల్స్’ సంగతి చూడండి. శబ్దం మితిమీరి పెంచడం వల్ల వాద్యాలు చెదిరినట్టు వినిపించేవి. ఆ ఫలితం బృందానికే నచ్చక, 2013లో ఆల్బమ్ మొత్తాన్ని మళ్ళీ మిక్స్ చేయించి విడుదల చేశారు. చేసినవాళ్ళే రెండోసారి చేసిన పనికి పాత సమీక్ష చాలుతుందని ఎవరనగలరు?

మిత్రుడి రెండో అభ్యంతరానికి మాత్రం వాదనతో జవాబు దొరకదు, పనితోనే చెప్పాలి. ఒక ఆల్బమ్ మీద మళ్ళీ రాసిన ప్రతిసారీ, ఇంతవరకు ఎవరూ రాయని ఇంకొక ఆల్బమ్ విని దాని మీద రాయాలని నాకు నేను నియమం పెట్టుకున్నాను. ఆయన దీనికి సగం మనసుతోనే ఒప్పుకున్నారు. పాత సమీక్షను నేను తీసివేయడం లేదు. దాని తేదీతో, అందులోని పొరపాటుతో సహా అది అలాగే ఉంటుంది. ఏ ప్రతి విని రాశానో మాత్రం పైన ఒక వాక్యం చేర్చాను.

సీడీలో నాకు నచ్చనిది ఒకటుంది. చివర ‘ఫ్లెమెంకో స్కెచెస్’ను ఇంకోసారి వాయించిన రూపం చేర్చారు. చరిత్రగా అది విలువైనదే. ఐదు స్వరశ్రేణుల మీద ఒక్కొక్కరు తమకు తృప్తి కలిగేవరకు సాగే ఈ రచనను రెండు విధాలుగా వినడం విద్యార్థులకు గొప్ప పాఠం. అయితే అసలు రూపం ముగిసిన తర్వాత గదిలో మిగలవలసిన నిశ్శబ్దాన్ని అది వచ్చి చెరిపేస్తుంది. నేను ఐదో రచన దగ్గర ఆపేసి, ఆరోదాన్ని వేరే రోజు వింటున్నాను.

ఈ ఆల్బమ్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే, కొత్తది కొనే ముందు శ్రుతి సరిగా ఉన్న కీబోర్డ్ ఒకటి దగ్గర పెట్టుకొని ‘సో వాట్’ పెట్టి చూడండి. బేస్ ప్రశ్న మొదలయ్యే భాగానికి ఆధారస్వరం డి. మీరు నొక్కిన డి దానితో కలిసిపోతే మీ ప్రతి సరిచేసినదే, కొత్తది కొనవలసిన పని లేదు. రికార్డులో స్వరం కొంచెం పైన తేలుతూ మీ మీటతో పొసగకపోతే మీ దగ్గరున్నది పాత వేగం ప్రతి. ఎల్‌పీ అయితే టర్న్‌టేబుల్ వేగం సరిగా ఉందో లేదో ముందు చూసుకోవాలి. రెండో పక్క కోసమే ఈ ఆల్బమ్ వినేవారికి వేగం విషయంలో బెంగ అవసరం లేదు, ఏప్రిల్ 22 నాటి రికార్డింగుకు ఆ దోషం అంటలేదు.