ఓడల కుటుంబానికి రెండో వ్యాపారం: మెర్స్క్ దారా, అపోంతేల దారా, సాదేల దారా?

ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అంటారు. కంటైనర్ వ్యాపారంలో ఈ మాట లెక్కల పుస్తకంలోనే కనిపిస్తుంది. 2022లో డెన్మార్క్ కంటైనర్ ఓడల కంపెనీ మెర్స్క్ నిర్వహణ లాభం 30.9 బిలియన్ డాలర్లు, మరుసటి ఏడు 3.9. సాదే కుటుంబపు ఫ్రెంచి కంపెనీ సిఎంఎ సిజిఎం నికర లాభం అదే ఏడాది తేడాతో 24.9 నుంచి 3.6 బిలియన్లకు దిగింది. ఓడలు అవే, ఎక్కించే సరుకూ దాదాపు అంతే. పడిపోయింది కిరాయి, అంటే పెట్టెని సముద్రం దాటించినందుకు వచ్చే ధర.

కిరాయి ఇలా ఎందుకు ఊగుతుందంటే, కొత్త ఓడ ఆర్డరిస్తే చేతికి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ధర బాగున్న రోజున అందరూ ఆర్డరిస్తారు, ఆ ఓడలన్నీ ఒకేసారి నీళ్లలోకి దిగుతాయి. పైగా కంటైనర్ ఓడ బస్సులాంటిది, నిండినా నిండకపోయినా వేళకి కదలాలి. ఇంధనం, కాలువ సుంకం, రేవు ఖర్చు ఎలాగూ తప్పవు కాబట్టి, ఖాళీగా పోయే చోటుని ఎంతకైనా అమ్మేస్తారు. అందుకే ఓడలున్న కుటుంబం సాధారణంగా రెండో తరానికల్లా ఇంకో వ్యాపారం వెతుక్కుంటుంది. ఆ వ్యాపారాన్ని తూచడానికి ఒకటే తూకం: కిరాయి పడిన రోజున అదీ పడుతుందా, నిలబడుతుందా?

మెర్స్క్: సంబంధం లేని వ్యాపారాలు

పీటర్ మెర్స్క్ మోలర్, కొడుకు ఎ.పి. మోలర్ కలిసి 1904లో డెన్మార్క్‌లోని స్వెండ్‌బోర్గ్‌లో ఆవిరి ఓడల కంపెనీ పెట్టారు. ఆ తర్వాత ఒడెన్సేలో ఓడలు కట్టే యార్డు వచ్చింది. 1962లో డెన్మార్క్ వైపు ఉత్తర సముద్రంలో చమురు వెతికే హక్కు దక్కింది. 1964లో హెర్మన్ సాలింగ్‌తో కలిసి సూపర్ మార్కెట్లు, 1969లో విమాన సంస్థ, వీటితోపాటు డాన్స్కే బ్యాంకులో పెద్ద వాటా. ఇవన్నీ ఒకే గొడుగు కింద నడిచాయి.

వీటిలో చమురు సంగతి ఆగి చూడాలి. ఓడ ఖర్చుల్లో పెద్దది ఇంధనం. చమురు ధర పెరిగితే ఓడల విభాగం ఏడుస్తుంది, చమురు విభాగం నవ్వుతుంది. సూపర్ మార్కెట్‌కి ఆ గొడవే లేదు, షాంఘై నుంచి రోటర్‌డామ్‌కి కిరాయి ఎంతున్నా డేన్లు పాలూ రొట్టే కొంటూనే ఉంటారు. 2009లో దీని విలువ తెలిసింది. కంటైనర్ విభాగం 2 బిలియన్ డాలర్లకు పైగా పోగొట్టినా గ్రూపు మొత్తం నష్టం 1 బిలియన్ దగ్గర ఆగింది.

యార్డు మాత్రం ఎదురు తిరిగింది. ఓడలు నడిపేవాడు ఓడలు కట్టడం తెలివైన పనిలానే కనిపిస్తుంది. కానీ కిరాయి పడితే మొదట ఆగేది కొత్త ఓడల ఆర్డరే. 2006లో అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద కంటైనర్ ఓడ ఎమ్మా మెర్స్క్‌ని కట్టిన అదే యార్డు 2012లో మూతపడింది. పక్కింటి వ్యాపారం కాబట్టి ఆదుకుంటుందిలే అనుకుంటే ఇలాగే ఉంటుంది.

2016లో కంపెనీ దారి మార్చింది. చమురు విభాగాన్ని 7.45 బిలియన్ డాలర్లకు ఫ్రెంచి చమురు కంపెనీ టోటల్‌కి అమ్మే ఒప్పందం మరుసటి ఏడు కుదిరింది. సూపర్ మార్కెట్లు సాలింగ్ వైపుకి వెళ్లిపోయాయి. షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ ఓడలు, రేవులు, గోదాములకే పరిమితమైంది. అయితే ట్యాంకర్ ఓడలు పరాయి చేతికి పోలేదు, కుటుంబం వైపు హోల్డింగ్ కంపెనీయే వాటిని 1.17 బిలియన్లకు కొనుక్కుంది. బ్యాంకు వాటా కూడా అక్కడే ఉంది. అంటే వ్యాపారాల వైవిధ్యం పోలేదు, ఒక అంతస్తు పైకెక్కింది. ఆ హోల్డింగ్‌కి యజమాని 1953లో ఎ.పి. మోలర్ పెట్టిన ఫౌండేషన్. మెర్స్క్ మూలధనంలో హోల్డింగ్ వాటా 40 శాతం పైచిలుకే, ఓట్లలో మాత్రం సగానికి మించి ఉంది. ఎ తరగతి షేర్లకు ఓటుంది, బి తరగతికి లేదు, అదీ కిటుకు.

అపోంతేలు: రేవులు, విహార నౌకలు

జాన్‌లూయిజీ అపోంతే, భార్య రఫాయేలా 1970లో ప్యాట్రీషియా అనే పాత ఓడతో ఎంఎస్‌సి అనే ఓడల కంపెనీ మొదలుపెట్టారు. 1978 నుంచి కేంద్రం జెనీవా. చాలాకాలం వాళ్ల సూత్రం సెకండ్ హ్యాండ్ ఓడే. ఈ దంపతుల కంపెనీ 2022 జనవరిలో మెర్స్క్‌ని దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. 2020 ఆగస్టు తర్వాత వరసగా పాత ఓడలు కొనడమే అందుకు పెద్ద కారణం. ఎంఎస్‌సి లిస్ట్ కాలేదు, ఖాతాలు బయటపెట్టదు. డివిడెండ్ ఏదీ అని నిలదీసే వాటాదారు లేడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడం ఇలాంటి వాళ్లకే సులువు.

వాళ్ల రెండో వ్యాపారాల్లో గట్టిది రేవు టెర్మినల్, అంటే రేవులో పెట్టెలు ఎక్కించి దించే చోటు. ఇందుకోసం 2000లో టిఐఎల్ పేరుతో విడిగా కంపెనీ పెట్టారు, 2022 డిసెంబరులో ఫ్రెంచి గ్రూపు బొల్లోరే ఆఫ్రికా రేవులు, రవాణా వ్యాపారాన్ని 5.7 బిలియన్ యూరోల లెక్కన కొన్నారు. టెర్మినల్‌కి డబ్బు క్రేన్ ఎత్తిన పెట్టె లెక్కన వస్తుంది. ఆ పెట్టె సముద్రం మీద వెయ్యి డాలర్లకు పోయినా పదివేలకు పోయినా ఎత్తుడు కూలి పెద్దగా మారదు. పైగా పెట్టెలు తెచ్చేది సొంత ఓడలే. చిక్కల్లా గడువుతోనే. ఓడ ఆగే చోటు (బెర్త్) ప్రభుత్వానిది, మన ప్రధాన రేవుల్లో మామూలుగా 30 ఏళ్లకు ఇస్తారు. రాయల్టీ, కనీస సరుకు హామీ వంటి షరతులుంటాయి. చివరి పదేళ్లలో కొత్త క్రేన్ కొంటే దాని ఖరీదు రాబట్టుకునేలోపే రేవు చేజారవచ్చు.

విహార నౌకలది వేరే లెక్క. 2020 మార్చిలో అవి ఆగిపోయాయి, ఆగస్టులో ఎంఎస్‌సి గ్రాండియోజా జెనోవా నుంచి మళ్లీ బయల్దేరింది. ఆ ఏడాది చివరికల్లా కంటైనర్ కిరాయిలు నింగినంటాయి. రెండూ ఒకే లయలో నడవవని తేలింది, అదొక్కటే మేలు. కొత్త విహార నౌక ఒక్కొక్కటీ మింగే పెట్టుబడి చూస్తే చిన్న కుటుంబం ఆ వైపు తొంగి చూడకపోవడమే నయం.

సాదేలు: గోదాములు, ఆపైన టీవీ

లెబనాన్ అంతర్యుద్ధం నుంచి తప్పించుకొచ్చిన జాక్ సాదే 1978లో మార్సేలో సిఎంఎ పెట్టారు, 1996లో ఫ్రెంచి ప్రభుత్వ కంపెనీ సిజిఎంని కొన్నారు. 2009 నాటికి అప్పు మెడకు చుట్టుకుంది. తుర్కియే నుంచి యిల్దిరిమ్ కుటుంబం 50 కోట్ల డాలర్లతో లోపలికొచ్చింది, నేటికీ వాటాలో దాదాపు పాతిక శాతం వాళ్లదే. 2013లో తమ రేవు టెర్మినళ్ల కంపెనీ టెర్మినల్ లింక్‌లో 49 శాతాన్ని చైనా కంపెనీ చైనా మర్చంట్స్‌కి 40 కోట్ల యూరోలకు అమ్మారు. కిరాయి లేని కాలంలో కాపాడాల్సిన ఆస్తినే ఆ కాలంలో అమ్ముకోవాల్సి వచ్చింది. రెండో వ్యాపారం ఉంటే సరిపోదు, దాన్ని తాకట్టు లేకుండా ఉంచుకోవాలి.

కొడుకు రొడాల్ఫ్ హయాంలో 2019లో సరుకు రవాణా, గోదాముల కంపెనీ సీవా లాజిస్టిక్స్, 2024లో 4.85 బిలియన్ యూరోలకు బొల్లోరే లాజిస్టిక్స్, అదే ఏడాది 1.55 బిలియన్లకు బిఎఫ్ఎం టీవీ ఉన్న మీడియా సంస్థ చేతికొచ్చాయి. టీవీ ఛానెల్ కిరాయి నష్టాన్ని పూడ్చదు. అది పలుకుబడి కోసం కొన్నది, కాబట్టి ఆ ఖాతాలోనే చూడాలి.

గోదాములూ లారీలూ ఎంతవరకు కాస్తాయో ఒక రొయ్యల పెట్టెని చూస్తే తెలుస్తుంది. భీమవరం ప్రాసెసింగ్ ప్లాంటులో సరుకు మైనస్ 18 డిగ్రీల్లో 40 అడుగుల రీఫర్‌లోకి, అంటే చల్లదనం నిలిపే కంటైనర్‌లోకి ఎక్కుతుంది. దారిలో కరెంటు కోసం లారీకి జెన్‌సెట్ తగిలిస్తారు, దాంతో విశాఖ చేరుతుంది. లారీకి ట్రిప్పు లెక్కన, కస్టమ్స్ బ్రోకర్‌కి షిప్‌మెంట్ లెక్కన, టెర్మినల్‌కి ఎత్తుడు కూలీ, రీఫర్‌కి కరెంటిచ్చే ప్లగ్ ఛార్జీ కలిపి, అవతలి ఒడ్డున కోల్డ్ స్టోరేజీకి ప్యాలెట్ లెక్కన చెల్లింపు. వీటిలో విపరీతంగా ఊగేది సముద్రం కిరాయి ఒక్కటే, మిగతావి కాస్త నిలకడ. కానీ 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు దెబ్బ పడింది పెట్టెల సంఖ్య మీద. పెట్టె రాకపోతే లారీకీ, బ్రోకర్‌కీ, టెర్మినల్‌కీ అందరికీ ఒకేసారి పని తగ్గుతుంది. కిరాయి పడితే లాజిస్టిక్స్ కాస్తుంది, సరుకు పడితే కాయదు. మెర్స్క్ పాత సూపర్ మార్కెట్ రెంటికీ కాసేది.

ఏది మేలు?

వ్యాపారాల ఎంపికలో పాత మెర్స్క్‌కే మా ఓటు. సముద్రం వాసన వదలని కుటుంబమైతే అపోంతేల రేవులు. సాదేల దారి మూడోది. దాన్ని తీసిపారేయలేం, అయితే సీవా తర్వాతి పెద్ద కొనుగోళ్లు కిరాయి దండిగా ఉన్న ఒకటి రెండేళ్ల డబ్బు మీద ఆధారపడ్డాయి.

కానీ ఎంపిక కంటే వాటా ఎక్కడుందన్నది పెద్ద ప్రశ్న. కొరియా హాన్జిన్ కుటుంబానికి విమానాలు, ఓడలు, యార్డు, ఫైనాన్స్ అన్నీ ఉన్నాయి. 2002లో స్థాపకుడు పోగానే నలుగురు కొడుకులూ తలా ఒకటి పంచుకున్నారు. ఓడలు మూడో కొడుక్కి వచ్చాయి. 2006లో ఆయన చనిపోతే భార్య నడిపారు, 2014లో అన్నగారి విమాన సంస్థ పగ్గాలు తీసుకుంది. అప్పటికి ఆలస్యమైంది, ఎక్కువ ధరకు ఏళ్ల తరబడి అద్దెకు తీసుకున్న ఓడలు మెడకు గుదిబండలయ్యాయి. 2016 ఆగస్టు చివర బ్యాంకులు చేతులెత్తేస్తే ఓడలు రేవుల బయటే నిలిచిపోయాయి. నాలుగు వ్యాపారాలున్నా ఒకదాన్నొకటి ఆదుకునే ఏర్పాటు లేదు.

నాలుగైదు ఓడలున్న కుటుంబం ముందు ఈ ఏర్పాటు సరిచూసుకోవాలి. ఒక్కో ఓడకి ఒక్కో కంపెనీ పెట్టడం ఎక్కడైనా మామూలే, ఒకటి మునిగినా మిగతావి మిగలాలని. దానికి తూట్లు పొడిచేవి బ్యాంకు కాగితాలు. ఓడ విలువ అప్పుకి 125 లేదా 130 శాతం కంటే తగ్గకూడదని షరతుంటుంది. కిరాయితోపాటు ఓడ విలువా పడుతుంది, అప్పుడు బ్యాంకు అదనపు పూచీ అడుగుతుంది. రెండో తరం తొందరపడి గోదాము కంపెనీ తరఫున గ్యారంటీ ఇచ్చేస్తుంది. అక్కడితో రెండు వ్యాపారాలూ ఒకే తాటికి కట్టేసినట్టే. ఆ సంతకానికి బదులు ఆర్నెల్ల వాయిదాలూ, ఒక డ్రై డాక్ (ఓడని నీళ్లలోంచి బయటికి తీసి చేసే తనిఖీ, మరమ్మతు) ఖర్చూ ముందే నగదుగా పక్కన పెట్టుకోవచ్చు. రెండు డ్రై డాక్‌ల మధ్య మామూలుగా ఐదేళ్లకు మించి ఉండదు, సరిగ్గా కిరాయి లేని ఏడాదే అది వచ్చి నెత్తిన పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.