జాగ్రత్త: ఇత్తడి స్నేర్ అని డబ్బు తీసుకుని ఇనుప రేకు పంపుతున్నారు

పాత బ్లాక్ బ్యూటీ మోడల్లో ఇత్తడి స్నేర్ డ్రమ్ము చేసి ఇస్తామని ఎవరైనా చెబితే, రెండో విడత డబ్బు పంపే ముందు దయచేసి ఇది చదవండి. నాకు 38,000 రూపాయలు పోయాయి. అందులో సగం, పెళ్ళిళ్ళ సీజన్‌లో రాత్రుళ్ళు వాయించి దాచుకున్న డబ్బు.

మాది నరసాపురం. నాన్న బ్యాండు మేళంలో సైడు డ్రమ్ము వాయించేవారు. నేను ఆదివారాలు చర్చిలో, ముహూర్తాలప్పుడు ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాను. బ్లాక్ బ్యూటీ అంటే ఏంటో తెలియనివాళ్ళకు ఒక్క మాట. చికాగోలో లుడ్విగ్ అండ్ లుడ్విగ్ వాళ్ళు 1920ల్లో చేసిన స్నేర్ అది, అంటే కింది చర్మానికి ఆనేలా తీగలు బిగించిన చిన్న డ్రమ్ము. ఇత్తడి షెల్ (డ్రమ్ము గుండ్రటి ఒళ్ళు), దాని మీద నల్ల నికెల్ పూత, ఆ పూత మీద చేత్తో చెక్కిన పూల నగిషీ. ఉలి పడిన చోట నలుపు లేచిపోయి కింద ఉన్న ఇత్తడి బయటపడుతుంది. అందుకే నల్లటి డ్రమ్ము మీద పువ్వులు బంగారం రంగులో మెరుస్తాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా డ్రమ్ము గుట్టు బయటపడింది అక్కడే.

అసలుది కొనే స్తోమత నాకు లేదు. అచ్చం అలాంటిదే 14 అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల ఎత్తుతో, ఒక మిల్లీమీటరు ఇత్తడి రేకుతో చేసి ఇస్తామని ఒక వర్క్‌షాపు వాళ్ళు ఒప్పుకున్నారు. పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. దసరా వెళ్ళాక 20,000 అడ్వాన్సు పంపాను. పని ఎలా నడుస్తోందో చూపించమంటే మూడుసార్లు ఫొటోలు పంపారు. అప్పుడు సంబరంగా చూసుకున్నాను గానీ, ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి ఫొటోలో సిమెంటు నేల, రెండోదానిలో తెల్ల టైల్స్, మూడోదానిలో షెల్ మధ్య గీతే వేరుగా ఉంది. అవన్నీ ఒక్క డ్రమ్మువి కావు. "బ్రదర్, ఫినిషింగ్ అయిపోయింది, బ్యాలెన్సు కొడితే రేపే పార్సిల్" అన్నారు. క్రిస్మస్ దగ్గర పడుతోందన్న తొందరలో మిగతా 18,000 కూడా కొట్టేశాను. వర్క్‌షాపు ఖాతాకు కాదు, ఒక మనిషి సొంత యూపీఐకి. బిల్లు అడగలేదు. ఈ రెండూ నా తప్పులే, మీరు చేయకండి.

డిసెంబరు రెండో వారంలో పార్సిల్ వచ్చింది. చూడ్డానికి చాలా బాగుంది. హెడ్డు (దెబ్బ కొట్టే పొర) బిగించి మొదటి దెబ్బ కొట్టగానే నాన్న వంటింట్లోంచి వచ్చి, "ఇదేంట్రా, రేకు డబ్బా మోగినట్టుంది" అన్నారు. ఇత్తడి మోత గుండ్రంగా, కాస్త వెచ్చగా ఉంటుంది. ఇది చెవిలో గుచ్చుకుంటోంది. ట్యూనింగ్ కుదరలేదేమో అనుకున్నాను. ఎంత బిగించినా ఒక పక్క గట్టిగా, ఒక పక్క వదులుగానే ఉంది. కింద తీగలు చిన్న దెబ్బకు పలకవు, పెద్ద దెబ్బకు జుయ్యిమని ఆగకుండా మోగుతాయి. క్రిస్మస్ ఆరాధనకు నా పాత డ్రమ్మే తీసుకెళ్ళాను.

సంక్రాంతి రోజుల్లో తుడుద్దామని తీశాను. ఒక పువ్వు రేకుల మధ్య, సన్నటి గీతల్లో ఎర్రగా ఏదో పొడి. వేలితో రుద్దితే వేలికి ఇటుక రంగు అంటింది. బంగారు రంగు గీతలని నేను అనుకున్నవి ఊడి వచ్చాయి. అది నగిషీలోంచి కనిపించే ఇత్తడి కాదు, గీతల్లో నింపిన రంగు.

మా వైపు ఉప్పుగాలికి ఇనుము ఎంత త్వరగా పాడవుతుందో అందరికీ తెలిసిందే. కానీ ఇత్తడి? అనుమానం తీర్చుకుందామని డ్రమ్ము విప్పేసి ఒట్టి షెల్ పట్టుకుని పాలకొల్లు, మార్టేరు మీదుగా అజ్జరం వెళ్ళాను. ఇత్తడి సామానుకు పేరున్న ఊరు, బిందెలు గంగాళాలు అక్కడ చేస్తారు. ఒక పెద్ద మేస్త్రీ గారు షెల్‌ని చేతిలోకి తీసుకుని, గోటితో ఒకసారి కొట్టి, "ఎవరన్నారండి ఇది ఇత్తడని?" అన్నారు. లోపలి అంచు దగ్గర ఆకురాయితో రెండుసార్లు గీశారు. పైన పొర పసుపు, కింద బూడిద రంగు. "ఇత్తడైతే ఎంత గీసినా పసుపే వస్తుంది బాబూ. ఇత్తడికి చిలుము పడుతుంది గానీ ఎర్ర తుప్పు పట్టదు" అన్నారు. నేను డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

అంటే ఇనుప రేకుకు పల్చగా ఇత్తడి పూత, దాని మీద నల్ల పెయింటు. స్టీలు షెల్ చెడ్డదని నేననడం లేదు, మంచి స్టీలు స్నేర్లు చాలా ఉన్నాయి, ఆ పదును ఇష్టపడేవాళ్ళూ ఉన్నారు. స్టీలని చెప్పి స్టీలు ధరకు ఇచ్చుంటే నాకు ఏ బాధా లేదు.

ఇంటికొచ్చాక పాత స్పీకరు అయస్కాంతం పెట్టి చూశాను. ఠక్కున అతుక్కుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. రిమ్ములు (హెడ్డును పట్టి ఉంచే చుట్లు), రాడ్లు (వాటిని బిగించే మర బోల్టులు), తీగలు మామూలుగా ఇనుపవే ఉంటాయి కాబట్టి వాటికి అతుక్కుంటే తప్పేం లేదు. అన్నీ విప్పి ఒట్టి షెల్ లోపలి వైపు పెట్టి చూడాలి. అతుక్కోనంత మాత్రాన ఇత్తడేనని కూడా అనుకోవద్దు. అల్యూమినియానికీ అయస్కాంతం అతుక్కోదు, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకూ సరిగ్గా అతుక్కోదు. కాబట్టి తూకం కూడా వేయాలి. లెక్క తేలికే. ఆరున్నర అంగుళాల ఎత్తు, 14 అంగుళాల వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం ఉన్న ఇత్తడి షెల్ ఒట్టిదే సుమారు 1,550 గ్రాములు తూగాలి. అదే అల్యూమినియమైతే అరకిలో చుట్టూ ఉంటుంది. నాది కిరాణా కొట్టు కాటా మీద 1,190 గ్రాములు వచ్చింది. లోహమే కాదు, మందంలోనూ కోత పెట్టారన్నమాట. స్టీలు బరువు ఇత్తడికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి తూకం ఒక్కటే నమ్మకండి, అయస్కాంతం ఒక్కటే నమ్మకండి, రెండూ చేయండి.

ట్యూనింగ్ ఎందుకు కుదరలేదో కూడా తేలింది. రాత్రి లైట్లు ఆర్పి, షెల్‌ని అద్దం బల్ల మీద బోర్లించి, లోపల ఫోను టార్చి వెలిగించి పెట్టాను. పై అంచు అద్దానికి ఎక్కడా సందు లేకుండా ఆనాలి. నాకు నాలుగు చోట్ల వెలుతురు బయటకొచ్చింది, ఒకచోట పోస్టుకార్డు దూరింది. తిరగేసి కింది అంచు చూశాను. అక్కడ మాత్రం ఎదురెదురుగా రెండు చోట్ల కాస్త పల్లం ఉండాలి. తీగలు చర్మానికి చదునుగా ఆనడానికి ఆ పల్లమే ఆధారం, స్నేర్ బెడ్ అంటాం. నా షెల్‌కి అసలు చెయ్యనే లేదు. తీగలు పలక్కపోవడానికి కారణం అదే.

ఫోను చేస్తే వర్క్‌షాపు వాళ్ళు చెప్పిన జవాబులు వినండి, మీకూ ఇవే చెబుతారు. హెడ్డు ఇరుకుగా ఉందంటే "పాత డ్రమ్ముల కొలత అంతే బ్రదర్" అన్నారు. ఇందులో సగం నిజముంది. ఆ రోజుల్లో దూడ చర్మాన్ని తడిపి చుట్టుకు బిగించేవారు, షెల్ కాస్త పెద్దదైనా చర్మం సర్దుకునేది. 1957 ప్రాంతంలో ప్లాస్టిక్ హెడ్లు వచ్చాయి. వాటి చుట్టు కొలత మారదు కాబట్టి షెల్ వెడల్పు 14 అంగుళాలకు ఒకింత తక్కువగా ఉండాలి. మనం ఇప్పటి హెడ్డు వేసి వాయించడానికే చేయిస్తున్నాం కదా, ఆ మాట ఆర్డరులోనే రాయించండి. రాడ్ల మర గురించి కూడా. నాకు వచ్చిన రాడ్ల మర ఏదో వేరు. బయట స్పేరుగా దొరికే 12-24 మర రాడ్డు లగ్గులోకి, అంటే షెల్ మీద రాడ్డు బిగించే గూటిలోకి, ఎక్కదు. ఒక్క రాడ్డు పోతే డ్రమ్ము మూలన పడినట్టే.

ఇక ఆఖరి జవాబు, "కస్టమ్ ఆర్డరుకు రిటర్న్ ఉండదు." నచ్చలేదని వెనక్కిస్తే ఆ మాట చెల్లుతుందేమో. ఇత్తడని ఇనుము ఇచ్చినప్పుడు చెల్లదు. 1915కి ఫోను చేసి ఫిర్యాదు రాయించాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడి ఊరు వెళ్ళక్కర్లేదు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. బిల్లు లేకపోయినా చాటింగు, యూపీఐ రసీదులు, కాటా మీద షెల్ ఫొటో, అయస్కాంతం వీడియో అన్నీ దాచాను. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుంటే ఇంకా గట్టిగా ఉండేది.

మీలో ఎవరైనా ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చుంటే ఒక్క పని చేయండి. పూత వేయక ముందే ఒట్టి షెల్‌ని కాటా మీద పెట్టి, లోపల అయస్కాంతం ఆనించి, మీ పేరు, ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి, ఆపకుండా ఒకే వీడియో తీసి పంపమనండి. నిజంగా ఇత్తడితో చేసేవాడికి ఇది రెండు నిమిషాల పని. సాకులు చెబితే మిగతా డబ్బు ఆపేయండి.

డ్రమ్ము వచ్చేసి అనుమానంగా ఉన్నవాళ్ళు ఏ ఆదివారమైనా ఆరాధన అయ్యాక నరసాపురం తీసుకురండి. అయస్కాంతం, కాటా నా దగ్గరున్నాయి, విప్పి కలిసి చూద్దాం.