పసుపు 14: మార్సెయ్ యుద్ధవిమానం కిట్, దాని చుక్కాని మీది లెక్క

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధవిమానం మెసర్‌ష్మిట్ 109కి ప్లాస్టిక్ కిట్లు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో పసుపు రంగు 14 అంకె వేసుకున్న ఎడారి విమానానికి ఉన్నంత గిరాకీ మరి కొన్నిటికే ఉంది. ఆ అంకె 1942లో ఉత్తర ఆఫ్రికాలో జర్మనీ తరఫున పోరాడిన హాన్స్-యోఆఖిమ్ మార్సెయ్ విమానానిది. ఆయన ఖాతాలో 158 విమానాలు కూల్చినట్టు నమోదయ్యాయి. చనిపోయేనాటికి ఆయనకు ఇరవై రెండేళ్ళే. ఈ సమీక్ష 1:48 నిష్పత్తిలో వచ్చిన ఎఫ్-4 ట్రాప్ (వేడి ప్రాంతాలకు తగ్గట్టు మార్చిన ఎఫ్-4) రకం కిట్ గురించి. తయారీ సంస్థ పేరు ఉద్దేశపూర్వకంగానే వదిలేస్తున్నాను. ప్లాస్టిక్ పని మెచ్చుకోదగ్గది. నాకున్న పేచీ అంతా పెట్టెలో దానితో పాటు వచ్చే పుస్తకంతోనూ, గుర్తుల కాగితంతోనూ.

ముందు ప్లాస్టిక్ సంగతి. పూర్తయిన నమూనా రెక్కల చివరి నుంచి చివరికి సుమారు 20 సెంటీమీటర్లు ఉంటుంది. లోహపు రేకుల అతుకులను సూచించే గీతలు సన్నగా, లోతు తప్పకుండా ఉన్నాయి. ఇంజిన్ కవచానికి ఎడమ పక్కన అమర్చే ఇసుక వడపోత గొట్టాన్ని విడి భాగంగా ఇవ్వడం మంచి పని, ఎందుకంటే 'ట్రాప్' అనే మాటకు అర్థమిచ్చేది ముఖ్యంగా అదే. అది లేకపోతే ఎడారి దుమ్ము ఇంజిన్‌ను త్వరగా అరగదీసేది. కాక్‌పిట్‌కు ఎడమ పక్కన గొడుగు తగిలించే రెండు చిన్న కొక్కేలను కూడా మరిచిపోలేదు. ఎండలో నిలిపి ఉంచిన విమానంలో పైలట్ కూర్చోగలగాలంటే నీడ కావాలి కాబట్టి, ఈ రకానికి అవి నిజంగానే ఉండేవి. రెక్క, దేహం కలిసేచోట మాత్రం సందు మిగులుతుంది. అక్కడ ఫిల్లర్ పూసి, ఆరాక సానపట్టక తప్పదు. అద్దపు భాగాలు స్వచ్ఛంగా ఉన్నాయి కానీ పెళుసుగా ఉన్నాయి, చట్రం నుంచి కోసేటప్పుడు తొందర పనికిరాదు.

ఆయుధాల అమరికను ఈ కిట్ చక్కగా చూపింది. ఎఫ్-4 రెక్కల్లో తుపాకులు ఉండవు. 20 మిల్లీమీటర్ల ఫిరంగి ఒకటి ప్రొపెల్లర్ ఇరుసు గుండా కాలుస్తుంది, 7.92 మిల్లీమీటర్ల మెషిన్‌గన్లు రెండు ఇంజిన్ పైన ఉంటాయి. మొత్తం నిప్పు ముక్కు దగ్గర ఒకేచోట చేరడం వల్ల గురి సరిగ్గా కుదిరిన పైలట్‌కు కొద్ది గుళ్ళే చాలేవి, గురి కుదరనివాడికి మాత్రం దీనితో లాభం తక్కువ. మార్సెయ్ ప్రతిభ అంతా సరిగ్గా ఇక్కడే ఉంది. శత్రువు తోక వెనక చేరి కాల్చడం పైలట్లకు నేర్పే మామూలు పద్ధతి. ఆయన మాత్రం మలుపు తిరుగుతున్న విమానం ఇంకో క్షణానికి ఎక్కడ ఉంటుందో అంచనా కట్టి, ఆ ఖాళీ చోటికి కాల్చేవాడు. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, దక్షిణాఫ్రికా స్క్వాడ్రన్ల టామాహాక్, కిట్టీహాక్ ఫైటర్ విమానాలు దాడి రాగానే ఒకదాని తోకను మరొకటి కాపాడుకుంటూ వలయంగా తిరిగేవి. మార్సెయ్ ఆ వలయంలోకి దూకి, వేగం తగ్గించి, లోపలి నుంచే క్షణం పాటు కాల్చి బయటపడేవాడు. 1942 జూన్ 3న లిబియాలోని బిర్ హకీమ్ దగ్గర 11 నిమిషాల్లో ఆరు టామాహాక్‌లు ఆయన ఖాతాలో చేరినది ఈ పద్ధతిలోనే. ఆ రోజు ఎదురుపడింది దక్షిణాఫ్రికా 5వ స్క్వాడ్రన్.

ఇక పుస్తకం. ఇరవై పుటలు దాటని ఈ పుస్తకంలో ఆయన జీవితం ఆఫ్రికాలోనే మొదలైనట్టు ఉంటుంది. అసలు కథ 1940 ఆగస్టులో ఇంగ్లిష్ చానల్ మీద మొదలైంది. అక్కడ ఏడు విజయాలు నమోదు చేశాడు. వాటితో పాటు తన విమానాలనే పలుమార్లు పోగొట్టుకుని, సముద్రంలోకీ తీరం మీదికీ దిగవలసి వచ్చింది. క్రమశిక్షణ లేనివాడనే పేరు అప్పటికే పడింది. జేజీ 52లో (జేజీ అంటే జర్మన్ ఫైటర్ విమానాల దళం) ఆయనకు పై అధికారిగా ఉన్న యోహానెస్ స్టైన్‌హోఫ్ భరించలేక వేరే దళానికి పంపేశాడు. అలా జేజీ 27కు చేరితే, అక్కడ ఎడ్వర్డ్ నోయ్‌మాన్ అనే అధికారి ఈ కుర్రవాడిలో పనికొచ్చేదేదో చూసి ఓపిక పట్టాడు. 1941 ఏప్రిల్ 23న, ఆఫ్రికాలో మొదటి విజయం నమోదైన రోజే, ఫ్రీ ఫ్రెంచ్ (జర్మనీకి లొంగకుండా బ్రిటన్ పక్షాన పోరాడిన ఫ్రెంచ్ సేన) పైలట్ జేమ్స్ దెనీ ఆయన విమానాన్ని తూట్లు పొడిచి నేలకు దించాడు. నెల తిరగకుండానే అదే దెనీ మళ్ళీ అదే పని చేశాడు. పుస్తకంలో దెనీ పేరే లేదు. ఓడిన రోజులను తీసేస్తే, గెలిచేవాడు ఎలా తయారయ్యాడో పాఠకుడికి తెలిసే దారి మూసుకుపోతుంది. అప్పట్లో ఆయన నడిపింది పాత 'ఇ' రకం విమానం కాబట్టి కిట్‌లో ఆ గుర్తులు ఇవ్వలేకపోవడం అర్థం చేసుకోదగినదే, కానీ పుస్తకానికి ఆ అడ్డంకి లేదు కదా.

గుర్తుల కాగితంలో 1942 ఫిబ్రవరి, జూన్, సెప్టెంబరు నెలలకు చెందిన మూడు రూపాలు ఉన్నాయి. మూడింటికీ పైన ఇసుక పసుపు, కింద లేత నీలం. తేడా అంతా తోక చుక్కాని మీదే. విజయానికి ఒక గీత చొప్పున మొదట వరసలు, తర్వాత దండలో 100 అంకె, దాని కింద మళ్ళీ గీతలు. డెకాల్స్ (అతికించే గుర్తులు) ముద్రణ ఎంత నాణ్యంగా ఉందంటే, భూతద్దం పెట్టినా ఒక్క గీత అంచు చెదరలేదు. అయితే ఈ లెక్కను పుస్తకం చదివిన తీరుతో నేను ఏకీభవించలేను. గీతలు పెరిగేకొద్దీ జర్మనీ ఎడారిలో ముందుకు పోయినట్టు అది రాసుకుపోయింది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తిరగబడుతుంది.

జూన్ 17న మార్సెయ్ లెక్క 101కి చేరింది. మరునాడే ఆయనను సెలవు మీద జర్మనీకి పంపారు, అక్కడ పతకాలూ ప్రచారమూ ఎదురుచూస్తున్నాయి. ఆగస్టు చివరి వారం దాకా ఆయన తిరిగి రాలేదు. లిబియాలో బ్రిటిష్ పక్షం చేతిలో ఉన్న తోబ్రూక్ రేవు పడిపోయింది జూన్ 21న. జర్మన్ సేనాని రోమెల్ సేన ఈజిప్టులోకి చొచ్చుకుపోయి అలమీన్ దాకా చేరిందీ, జూలై 1న దైర్ ఎల్ షైన్ దగ్గర 18వ భారత పదాతి బ్రిగేడ్‌ను తుడిచిపెట్టిందీ ఆ సెలవు రోజుల్లోనే. అంటే ఎడారిలో జర్మనీ సాధించిన అతి పెద్ద గెలుపు మార్సెయ్ అక్కడ లేనప్పుడు జరిగింది. ఆయన తిరిగి వచ్చాక సెప్టెంబరు 1న మూడు విడతలు ఎగిరి ఒక్కరోజులో 17 విమానాలు కూల్చినట్టు నమోదైంది. ఆ మర్నాడే అలమ్ హల్ఫా దగ్గర రోమెల్ తన దాడిని విరమించుకుని వెనక్కి మళ్ళాడు. ఆ దాడిని దెబ్బతీసిన కారణాల్లో రాత్రింబవళ్ళు ఆగకుండా సాగిన బ్రిటిష్ బాంబుదాడులు ముఖ్యమైనవి. మార్సెయ్ ఖాతాలో దాదాపు అన్నీ ఫైటర్ విమానాలే, బాంబర్లు సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం నాలుగే. పైలట్‌గా అది కష్టమైన వేట, సందేహం లేదు. కానీ ట్యాంకుల మీదా, ఇంధనపు లారీల మీదా బాంబులు వేసే విమానాలు తమ పని తాము చేసుకుపోతుంటే, వాటికి కాపలాగా వచ్చినవాటిని ఎన్ని కూల్చినా నేలమీది సైన్యానికి ఒరిగేది తక్కువ.

లెక్క ఖచ్చితత్వం గురించి కూడా పుస్తకం ఒక వాక్యం రాసి ఉండాల్సింది. యుద్ధం తర్వాత రెండు పక్షాల రికార్డులను పోల్చినప్పుడు అన్ని రోజులూ సరిపోలలేదు, సెప్టెంబరు 1తో సహా. ఇది అబద్ధమాడాడని అనడం కాదు. దుమ్ములో, పొగలో, క్షణాల మీద సాగే పోరులో అన్ని దేశాల పైలట్లూ ఎక్కువే లెక్కించారు. అదే జేజీ 27లోని వేరే గ్రూప్‌లో (ఒక్కో జేజీ కొన్ని గ్రూపులుగా ఉండేది) మాత్రం ఒక బృందం 1942 ఆగస్టులో కావాలనే దొంగలెక్కలు రాసి పట్టుబడింది. సాటి దళంలో అలాంటిది జరిగిందని తెలిసినప్పుడు, చుక్కాని మీది గీతలను కాస్త ఎడంగా నిలబడి చూడటం ఎవరికైనా మంచిది.

వాస్తవపరంగా పెద్ద పొరపాటు మూడో రూపం వివరణలో ఉంది. అది ఆయన మరణించిన విమానం అన్నట్టుగా రాశారు. 1942 సెప్టెంబరు 30న ఆయన నడిపింది ఎఫ్-4 కాదు, కొత్తగా వచ్చిన జీ-2 ట్రాప్. ఆ రోజు శత్రువు ఎదురుపడనే లేదు. తిరుగు ప్రయాణంలో ఇంజిన్ చెడి కాక్‌పిట్ నిండా పొగ కమ్ముకుంది. ముందేమీ కనబడక, సహచరులు రేడియోలో దారి చెబుతుంటే జర్మన్ అధీనంలోని ప్రాంతం దాకా నడిపించుకొచ్చాడు. సిదీ అబ్దుల్ రహమాన్‌కు దక్షిణంగా విమానాన్ని తలకిందులు చేసి దూకినప్పుడు తోక భాగం తగిలింది, పారాచూట్ తెరుచుకోలేదు. సెప్టెంబరు మొదటి వారంలోనే అదే గ్రూప్‌కు చెందిన స్టైన్‌హౌసెన్, స్టాల్‌ష్మిట్ అనే పేరున్న పైలట్లు ఇద్దరు వరసగా పోయారు. మార్సెయ్ మరణం తర్వాత ఆ గ్రూప్‌ను కొన్నాళ్ళు ఆఫ్రికా నుంచే తప్పించవలసి వచ్చింది. ఈ కిట్‌తో జీ-2 చేయాలనుకునేవారు ఆశ వదులుకోవడం మంచిది. ముందు అద్దం కింద ఎఫ్ రకానికి ఉండే చిన్న ముక్కోణపు అద్దాలు జీలో లేవు, ముక్కు చుట్టూ అదనపు గాలి తూములు ఉన్నాయి. చెక్కడం కంటే వేరే కిట్ కొనడమే చౌక.

మిగతావి క్లుప్తంగా. ఇంజిన్ పక్కన అతికించే గ్రూప్ చిహ్నంలో ఆఫ్రికా పటం మీద నల్లజాతి మనిషి ముఖం, చిరుతపులి తల ఉంటాయి. దళం ఆఫ్రికాకు రాకముందే పుట్టిన ఈ బొమ్మలో జర్మనీ పోగొట్టుకున్న వలస రాజ్యాల మీద బెంగ కనబడుతుంది. తోకమీది స్వస్తికను రెండు ముక్కలుగా ఇచ్చారు, జర్మనీ వంటి దేశాల చట్టాల వల్ల చాలా సంస్థలు ఇలాగే చేస్తున్నాయి. పెట్టె మీది బొమ్మలో అసలు లేదు. విడిగా అమ్మే రెజిన్ బొమ్మల్లో మార్సెయ్ పక్కన మాథ్యూ లెతులు కూడా ఉన్నాడు. ఇద్దరి స్నేహం గురించి చాలా రాశారు, అది నిజమే కావచ్చు. కానీ లెతులు తోబ్రూక్‌లో పట్టుబడిన దక్షిణాఫ్రికా సైనికుడు, అక్కడ పనిచేసింది యుద్ధఖైదీగా అన్న మాట ఆ బొమ్మల పెట్టె మీద లేదు.

మొదటిసారి కిట్ చేసేవారికి దీన్ని సిఫారసు చేయను. రెక్క అతుకు, సన్నని డెకాల్స్ విసిగిస్తాయి. నాలుగైదు విమానాలు చేసి చేయి తిరిగినవారికి మాత్రం, దిగుమతి సుంకం కలిపినా, పెట్టిన డబ్బుకు తగిన వస్తువే. మూడు రూపాల్లో ఫిబ్రవరిది ఎంచుకోవడం నా సలహా: గీతలు తక్కువ కాబట్టి అతికించడం తేలిక, తేదీ విషయంలో తప్పూ లేదు. సెప్టెంబరు రూపమే కావాలనుకునేవారు చుక్కాని రంగు కోసం పెట్టె మీది బొమ్మను నమ్మకుండా, బెర్లిన్ గాటో సైనిక మ్యూజియంలో ఉన్న మార్సెయ్ అసలు చుక్కాని ఫోటోలు చూసి కలుపుకోవాలి.